జర్మనీ రికార్డులో డప్పు దరువు

తప్పులు దొర్లితే మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చిన చేయి, మెల్లగా రాస్తుంది.

డప్పు యాకోబుకు పాదిరి ఒక పాత రికార్డు ఇచ్చాడు. నూటయాభై ఏండ్ల నాటి జర్మనీ సంగీతమది. అందులో మన డప్పు దరువు ఉందని యాకోబు అంటే వాడకట్టంతా నవ్వేది. ఆయన పోయాక రికార్డు ఎండకు వంకరపోయింది.

"అప్పడమైంది వదినా, పారెయ్," అన్నాడు మరిది దానియేలు.

యాకోబు భార్య సారమ్మ వినలేదు. రికార్డును రెండు షాబాద్ బండల నడుమ అదిమి నాలుగు రోజులు ఎండలో ఉంచింది. ఆదివారం చర్చి ముందు పాదిరి గ్రామఫోను మీద అందరి ఎదుట పెట్టించింది. ఫిడేళ్లు వరదలా లేచాయి. వాటి వెనక పెద్ద డోళ్లు ఉరిమాయి. దానియేలు వేళ్లు చంకలోని డప్పు మీద వాటంతటవే జత కలిపాయి.

"అన్న చెప్పింది నిజమే వదినా!"

"గట్లనా? మళ్ల మొదటిసంది పెట్టు. నవ్వినోళ్లందరు వినాలె!"

— బిక్షమ్మ, అరవై ఎనిమిదేండ్లు, ఇప్పుడు ఉండేది రామన్నపేట.