కొట్టేసిన పందొమ్మిది పేర్లు

జూలై నెల. సునామీ వచ్చి ఏడు నెలలైంది, పోర్ట్‌బ్లెయిర్‌లో వాన తెరిపివ్వటం లేదు. ఆ బళ్ళో మూడో తరగతి పిల్లలకి బల్లలున్నాయి. సునామీకి ఇళ్ళు పోయి రేకుల షెడ్లలో ఉంటున్న జాలర్ల పిల్లలకి మాత్రం తలుపు పక్కన గోనెపట్టాలు. ఇంటర్వెల్ అయిందో లేదో, బన్నీ అనే పిల్లాడు ఫినాయిల్ సీసా తెచ్చి చిన్ని కూర్చునే పట్టా మీద బోర్లించాడు.

"చేపల కంపు పోద్దిలే, సునామీ," అన్నాడు.

షెడ్ల పిల్లలందరికీ బళ్ళో అదే పేరు. సునామీ, ఇటు రా. సునామీ, బోర్డు తుడువు. అమ్మా నాన్నా పెట్టిన పేర్లతో అక్కడ ఎవరికీ పని లేదు. చిన్ని తడి పట్టా మీదే కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న లక్ష్ముడు సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున వల తీయడానికి ఒడ్డుకెళ్ళి మళ్ళీ రాలేదు.

వెనక బల్ల దగ్గర గౌతమి ఇదంతా చూసింది. టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. నలభై రోజులు ఈ బళ్ళో పాఠాలు చెప్పాలి, హెడ్మాస్టరు డైరీలో సంతకం పెడితేనే సర్టిఫికెట్. చూసింది, చూసి తలొంచుకుని పాఠం ప్లాను రాసుకుంది. ఎందుకలా చేసిందంటారా? చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతే, అయినా చెప్పాలి.

గౌతమి పుట్టింది జంగ్లీఘాట్ ఒడ్డునే. తండ్రి పేరు పెద్దబ్బాయి, బంగారమ్మ అనే బోటుకి పెద్ద. ట్రైనింగ్ ఫారంలో తండ్రి చేసే పని దగ్గర "వ్యాపారం" అని రాసి హాస్టల్లో చేరిపోయింది. చిన్నప్పుడు బడికెళ్ళే ముందు మూడుసార్లు సబ్బు రుద్దుకునేది. కాళమ్మ అనే పిల్ల లోపలికి రాగానే క్లాసంతా ముక్కు మూసుకుంటే, తనూ మూసుకుంది. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా. కాళమ్మ మర్నాటి నించి బడికి రాలేదు. ఇవాళ చిన్ని మొహం చూస్తే ఆ కాళమ్మే కనిపిస్తోంది.

సాయంత్రం హెడ్మాస్టరు గురునాథం పిలిపించాడు. ఆయన ఎదురుగా సత్యారావు కూర్చునున్నాడు. బన్నీ తండ్రి. మిడిల్ పాయింట్‌లో హార్డ్‌వేర్ షాపు, ఆ రేకుల షెడ్లు వేసిన కాంట్రాక్టూ ఆయనదే. జాలర్ల తాతలు వైజాగ్ నించి వచ్చి దిగిన ఓడలోనే ఆయన తాతా దిగాడు, ఇప్పుడా మాట ఎత్తడు.

"రిజిస్టర్లో ఈ పందొమ్మిది పేర్లు కొట్టేశాం," అని గురునాథం కాగితం అందించాడు. "రేపు పొద్దున నువ్వే చదివి ఇళ్ళకి పంపెయ్యమ్మా. రిలీఫ్ లిస్టులో వీళ్ళ కుటుంబాలు లేవు. అంటే ఇక్కడివాళ్ళు కాదు."

"సార్, వీళ్ళంతా ఇక్కడే పుట్టారు."

"నువ్వనుకుంటే సరిపోదు బేటీ, కాగితం అనాలి," అన్నాడు సత్యారావు నవ్వుతూ. "బళ్ళో పేరుందని రేపు ఒడ్డున ఇళ్ళు అడుగుతారు. అక్కడ ఐసు ఫ్యాక్టరీ రాబోతోంది. షిప్పెక్కించి వైజాగ్ పంపేస్తే వాళ్ళకీ సుఖం, మనకీ సుఖం."

గౌతమి ఎవరి కూతురో ఆయనకి తెలీదు. ఆమె చెప్పనూ లేదు.

"నీ డైరీ నా దగ్గరే ఉందమ్మా," అన్నాడు గురునాథం, చాలా నెమ్మదిగా.

గౌతమి తుష్నాబాద్ పోయే బస్సెక్కి షెడ్ల దగ్గర దిగింది. వాన రేకుల మీద దరువేస్తోంది. జనం ఒకే షెడ్డులో కిక్కిరిసి కూర్చునున్నారు, కబురు అప్పటికే చేరిపోయింది. చిన్ని తల్లి కామమ్మ లేచి నిలబడి ఉంది.

"మూడు బోట్లు, పదారిళ్ళు మనవి. కాయితం మీద మూడిళ్ళేనట. మిగతా పదమూడూ ఎక్కడికి పోనాయి పెద్దబ్బాయ్? నీ ఇల్లుంది, నా ఇల్లు లేదు. ఏటిది?"

పెద్దబ్బాయి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. "నాకేటి తెలుసు సెల్లీ. లిస్టు రాసే బాబు ఎంతమందీ అనడిగినాడు. మాది ఒకే బోటూ అన్నాను. ఎప్పుడూ అలాగే కదా సెప్తాం. బోటంటే అందరం కాదేటి? ఆడు బోటుకి పెద్దోడి ఇల్లొక్కటే రాసీసుకున్నాడు."

"నువ్వు ఏలు ముద్ర ఏసినావు!" అని ఒకడు అరిచాడు. "పెద్దోడివి కదా, నీకు దక్కింది, సాలు." ఇంకొకడు వాడి కాలరు పట్టుకున్నాడు. సత్యారావుకి కావలసింది సరిగ్గా ఇదే. పేదోడూ పేదోడూ కొట్టుకుంటే వాడికి లాఠీ ఖర్చు కూడా ఉండదు.

అప్పుడే నేల కదిలింది. రేకులు గజగజలాడాయి, గిన్నెలు దొర్లాయి. ఆ డిసెంబరు నించి ఇది ఎన్నోసారో ఎవరూ లెక్క పెట్టలేదు. ఎవరూ అరవలేదు, పిల్లల్ని పొదువుకుని ఊపిరి బిగబట్టారు. కదలిక ఆగాక కూడా అందరూ సముద్రం వైపే చెవులు పెట్టి కూర్చున్నారు.

ఆ నిశ్శబ్దంలో గౌతమి నోరు విప్పింది.

"తప్పు నాన్నది కాదు, నాది. రిలీఫ్ లిస్టుకి పేర్లు రాస్తున్న రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ కాగితం చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. కానీ రొట్టెలు పంచడానికి మా ట్రైనింగ్ పిల్లలొచ్చారు. వీళ్ళు నావాళ్ళని వాళ్ళకి తెలిసిపోతుందని బస్టాపు వెనకాల నిలబడ్డాను."

పెద్దబ్బాయి కూతురి వైపు చూడలేకపోయాడు. గౌతమికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "పిల్లలకి సేవ చెయ్యాలని టీచరునవుతున్నానని ఇంటర్వ్యూలో చెప్పాను. సేవంట! నావాళ్ళ పేరు చెప్పుకోలేనిదాన్ని."

కామమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచింది, కాస్త మొరటుగానే. "ఏడుపు సాల్లే. బోటు దించేముందు మీ నాన్న ఏటి సేస్తాడో సెప్పు."

"పేర్లు పిలుస్తాడు."

"ఒక్కడు పలక్కపోతే?"

"బోటు దిగదు."

"పోయినోడి పేరో?"

ఏడాది తిరిగేదాకా పోయినవాడి పేరు కూడా పిలుస్తారు, బోటంతా కలిసి "ఉన్నాడు" అంటుంది. వాడి వాటా వాడి గుమ్మానికి వెళ్తుంది. లక్ష్ముడి పేరు ఇప్పటికీ రోజూ పిలుస్తున్నారు.

"మరి నీ బళ్ళో పందొమ్మిదిమంది పలక్కుండా నీ బోటెలా దిగుద్ది?" అంది కామమ్మ. పెద్దబ్బాయి తలెత్తాడు. "రేపు ఏట లేదు," అన్నాడు. "మూడు బోట్లూ ఒడ్డునే ఉంటాయి. అందరం బడికి పోదాం."

మర్నాడు బడి వరండా ముందు ఆడా మగా ఎనభైమంది వానలో నిలబడ్డారు. గేటు బయట పోలీసు జీపు ముందే వచ్చి ఉంది. సత్యారావు గొడుగు కింద నిలబడి సెల్‌ఫోనులో మాట్లాడుతున్నాడు.

గౌతమి వరండాలోకి వచ్చింది. చేతిలో కొట్టేసిన పేర్ల కాగితం.

"చదువమ్మా, చదివి పంపెయ్," అన్నాడు గురునాథం.

ఆమె చదివింది. "చిన్ని."

"ఉంది!" ఎనభై గొంతులు. చిన్ని మెట్లెక్కి లోపలికెళ్ళి, పట్టా దాటి, బల్ల దగ్గర నిలబడింది. బన్నీ కదల్లేదు. పక్కనున్న జాహ్నవి అనే పిల్ల మాత్రం సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది.

ఒక్కొక్క పేరూ పిలిచింది. ఒక్కొక్క పిల్లా లోపలికెళ్ళింది. పన్నెండో పేరు దగ్గర గురునాథం కాగితం లాక్కుని చింపేశాడు. గౌతమికి ఆ పేర్లు రాత్రే నోటికొచ్చేశాయి, మిగతా ఏడూ చూడకుండానే పిలిచింది.

ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జనం ముందుకు తోసుకొచ్చారు. "ఆగండి," అంది గౌతమి. "కొట్లాట జరగాలనే వీళ్ళ ఎదురుచూపు. పిల్లలు లోపలున్నారు, బయటికి రానివ్వకండి, అంతే." పెద్దబ్బాయి జనాన్ని ఆపి, వాళ్ళని గుమ్మానికి అడ్డంగా కూర్చోబెట్టాడు. ఆ కూర్చున్నవాళ్ళని లాగడానికి పది జీపులు కావాలి.

గౌతమిని జీపెక్కించాక కానిస్టేబుల్ నోటుబుక్కు తీశాడు. "నామ్?"

"గౌతమి."

"బాప్ కా కామ్?" తండ్రి చేసే పని అడుగుతున్నాడు.

"చేపల వేట. మఛ్లీ పకడ్తే హై. బంగారమ్మ బోటు. ఆ బోటు పేరు కూడా రాయండి భయ్యా."

అతను రాయలేదు. ఇంజను స్టార్టయింది. ఆమె సర్టిఫికెట్ సంగతి అక్కడితో తేలిపోయింది, ఆ సంగతి ఆమెకీ తెలుసు. జీపు బురదలో మెల్లగా కదులుతుంటే మూడో తరగతి కిటికీలోంచి సన్నటి గొంతు వినిపించింది. చిన్ని బల్లెక్కి పేర్లు పిలుస్తోంది, ఒక్కొక్కటీ మొదటి నించీ. పందొమ్మిదీ అయ్యాక క్షణం ఆగి ఇంకో పేరు పిలిచింది.

"గౌతమి టీచర్."

వరండా అంతా కలిసి పలికింది. "ఉంది."