మూడు దెబ్బలకు బదులు

క్వారీ యజమాని చెప్పులు చేత్తో పట్టుకుని రాళ్లక్క షెడ్డులోకి వచ్చాడు. నలభై రోజుల కిందట ఇదే పెద్దమనిషి ఆమెతో కారు అద్దమైనా దించకుండా మాట్లాడాడు. ఇప్పుడు కాళ్లబేరానికి దిగాడు.

"అక్కా, మా ఇల్లు బీటలు వారింది. మా అమ్మాయి పడుకునే గదిలో పైకప్పు సగం ఊడిపడింది. నీకు కొండ లోపలికి దారి తెలుసట గదా, కాస్త కనికరించు."

అక్క ఉలి నూరుతూనే ఉంది. "ఏమైందండీ? ఎవరైనా లేచారా?"

"అడుగువాడు," అన్నాడతను, నేల చూస్తూ.

"పనీపాటా లేనివాళ్ల కబుర్లన్నారే అప్పుడు!"

కొండ పుట్టకముందే అక్కడ పడుకున్నవాడు అడుగువాడు. రాతిలో నల్లచార కనబడితే ఉలి దించెయ్యాలి, దాని కిందే వాడి పక్క అని రాళ్లు కొట్టేవాళ్ల కట్టుబాటు. యజమాని పకపకా నవ్వి, చార మీదే కొట్టించాడు. నేల నోరు తెరిచింది. అక్కడ రాయి కొడుతున్న అక్క తమ్ముడు అందులోకి జారిపోయాడు.

పోతే పోయాడనుకోవడానికి లేదు, బతికే ఉన్నాడు. లోపల్నుంచి సుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు. ఉన్నాను, రండి అని దానర్థం. విన్నవాడు తిరిగి మూడు కొట్టాలి. కొడితే మాటిచ్చినట్టే, లోపలివాడు బయటికొచ్చేదాకా అక్కణ్నుంచి కదలకూడదు. ఈ మహానుభావుడు ఎవర్నీ కొట్టనిస్తేనా? "వాడు చచ్చిపోయాడు" అని తేల్చేసి, మధ్యాహ్నానికల్లా ఆ నోట్లో కాంక్రీటు పోయించాడు. సుత్తి తీసుకుని పరిగెత్తిన అక్కను నలుగురు మగాళ్లు పట్టుకున్నారు. కాంక్రీటు గట్టిపడేదాకా ఆ మూడు దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.

బదులు దొరకని ఆ పిలుపుకే అడుగువాడు కళ్లు తెరిచాడు. ఇప్పుడా దెబ్బలు రోజంతా మోగుతున్నాయి, మోగినప్పుడల్లా ఊళ్లో ఒక గోడ పగులుతోంది. పిలుపుకు బదులిస్తే వాడు మళ్లీ పడుకుంటాడని తాత చెప్పిన సంగతి అక్కకొక్కదానికే తెలుసు. అయినా పెదవి విప్పలేదు. ఎందుకు విప్పాలి? ఆమెను పట్టుకున్న నలుగురూ ఆ ఊరివాళ్లే. పైగా ఆమెకు కావలసినవాడు తనంతట తానే గుమ్మంలోకి రావాలి. వచ్చాడు.

సుత్తి అందుకుని, "పదండి," అంది.

కొండ వెనక పాత సొరంగంలోంచి ఇద్దరూ మోకాళ్ల మీద పాక్కుంటూ దిగారు. రాయి పెనంలా కాలుతోంది. యజమాని ప్యాంటు చిరిగి, చేతులు బొబ్బలెక్కి, అడుగడుక్కీ మూలిగాడు. ఆ మూలుగు అక్క చెవులకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. చివరికి నల్లటి రాతిగోడ అడ్డొచ్చింది. ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతోంది, తగ్గుతోంది.

దాని వెనకనుంచి మూడు దెబ్బలు వినబడ్డాయి.

అక్క చెయ్యి దానంతటదే పైకి లేచింది. తమ్ముడి దెబ్బ ఆమెకు తెలీదా? మూడోది ఎప్పుడూ కాస్త మెల్లగా కొడతాడు. పళ్లు బిగబట్టి సుత్తిని యజమాని చేతిలో పెట్టింది.

"మూడు కొట్టండి."

"నువ్వే కొట్టొచ్చుగా?"

"కాంక్రీటు పోయించింది మీరు. బదులూ మీరే ఇవ్వాలి."

కొట్టాడు. గోడ నెమ్మదించింది, కాళ్ల కింద వణుకు ఆగింది. "పడుకున్నాడు!" అని యజమాని సుత్తి కింద పెట్టి, చిన్నపిల్లాడిలా చప్పట్లు చరిచి వెనక్కి తిరిగాడు. ఒక్కడుగు వేశాడో లేదో నెత్తిమీద కప్పు ఫెళ్లున పగిలింది. గోడ మళ్లీ ఉబ్బింది.

"ఎక్కడికి? బదులిచ్చినవాడు కదలకూడదు. మావాడు బయటికొచ్చేదాకా."

"వాడెలా వస్తాడు? చచ్చిపోయాడు కదా!"

"ఆరోజూ ఇదే మాటన్నావు," అంది అక్క. మీరు అనే మాట ఆమె నోట అంతటితో సరి. "కొట్టు. నీ కూతురు ఆ ఇంట్లోనే ఉంది."

అతను సుత్తి అందుకుని కొట్టాడు. మళ్లీ పిలుపొచ్చింది, మళ్లీ కొట్టాడు. "నన్నిక్కడే వదిలేస్తావా తల్లీ?"

"రోజూ అన్నం నీళ్లు తెస్తాను. నువ్వు మావాడికి అదీ పంపలేదు."

నలభై రోజులుగా మండుతున్న కడుపు చల్లబడింది. అక్క తిరిగి పోవడానికి సొరంగంలోకి వంగింది. అప్పుడు గోడవతలి దెబ్బల తీరు మారింది. గబగబా, ఒకదాని మీదొకటి, ఆగకుండా. సంబరం పట్టలేనప్పుడు తమ్ముడు అలాగే కొట్టేవాడు. ఎవరో వచ్చారనుకుంటున్నాడు. ఎవరో ఏమిటి, అక్కే వచ్చిందనుకుంటున్నాడు.

"నేనిక్కడే ఉన్నాన్రా!" అని గోడకు మొహం ఆనించి అరిచింది. రాతిలోంచి దెబ్బ పోతుంది గానీ మాట పోదు.

యజమాని ఆ మొహం చూశాడు. అర్థమైంది. ఆత్రంగా సుత్తి చాపాడు. "నువ్వు కొట్టక్కా. నీ తమ్ముడు నిన్నే పిలుస్తున్నాడు. నువ్వు కొడితే మాట నీదవుతుంది, నేను వెళ్లిపోతాను."

ఒకసారి కొడితే చాలు, తమ్ముడికి తెలుస్తుంది. అక్క వేళ్లు పిడిని తాకాయి. గోడవతల దెబ్బలు ఆగిపోయాయి. బదులు కోసం చూస్తున్నాడు.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుని రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

"కొట్టు," అంది.