ఆరిపోయే హక్కు

నేను ఒక గ్యాస్ నెగడును. మోజున్నవాళ్లు ఫైర్‌ప్లేస్ అంటారు. ఇనుప ఒళ్లు, ముందు అద్దం, లోపల కట్టెల్లా కనిపించే నాలుగు మట్టి దుంగలు, వెనక నుంచి ఇంటి కప్పు మీదికి పొగగొట్టం. కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేసిన మేస్త్రి అన్నిటికన్నా చివర ఒక చిన్న రాగి పుల్లను బిగించాడు. నా బుద్ధంతా ఆ పుల్లలోనే ఉంది. నేను వెలిగినంతసేపూ ఒక బుల్లి మంట దాన్ని కాచుతూ ఉంటుంది. గదిలో గాలి చెడిందంటే ఆ మంట పుల్లను వదిలి పైకి తేలిపోతుంది. పుల్ల చల్లారగానే గ్యాస్ ఆగిపోతుంది. నేను ఆరిపోతాను. చెడిపోయి కాదు, కావాలనే.

ఇదే మనుషుల తలకెక్కదు. మొదట నన్ను కొన్నది లంబసింగిలో ఒక లాడ్జివాళ్లు. వచ్చినవాళ్లంతా నా ముందు ఫొటోలు దిగేవారు, తడి సాక్సులు నా నెత్తిన ఆరేసేవారు, కిటికీలు బిగించి నేను ఆరిపోతే తిట్టేవారు. నేను లెక్కచేసేదాన్ని కాదు.

లాడ్జి మూతపడ్డాక సింహాద్రి నన్ను అరకులోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. గూడ్సు రైళ్ల గార్డుగా ముప్పై రెండేళ్లు ఆ కొండ సొరంగాల్లో తిరిగి రిటైరైన మనిషి. నన్ను తెచ్చింది తన కోసం కాదు, అక్క వరాలమ్మ కోసం. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే, 'అప్ప' అని పిలుస్తాడు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైతే పలాస నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నాడు. మంచం దిగలేని ఆమెకు అరకు చలి పగవాడిలా పట్టుకుంది.

రెండు శీతాకాలాలు బాగానే వెలిగాను. ఆ రెండేళ్లలో నా పొగగొట్టం వైపు ఎవరూ తలెత్తి చూడలేదు. మూడో ఏడు అందులో గోరింకలు గూడు పెట్టాయి. లోపలి గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. నేను ఆరిపోవడం మొదలుపెట్టాను. సింహాద్రి వెలిగిస్తే ఆరిపోయాను. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరాను.

"ఏటే నీలవేణీ, దీనికింత పొగరేటి? అప్ప వణికిపోతంది!" అని భార్య మీద అరిచాడు.

"మెకానిక్కుని పిలవండి. ఊరికే ఆరిపోదు కదా," అంది నీలవేణి.

"వాడొచ్చేసరికి ఎల్లుండవుద్ది."

మధ్యాహ్నం మంచు దట్టంగా దిగింది. సింహాద్రి పాతచీరలు తెచ్చి కిటికీ సందుల్లో కుక్కాడు. వెలిగించేటప్పుడు నొక్కిపట్టే నా నాబ్‌ను లోపలికి నొక్కి, బైండింగ్ వైరుతో గట్టిగా కట్టేశాడు. ఇక పుల్ల చల్లారినా గ్యాస్ ఆగదు. జీవితంలో మొదటిసారి, ఆరిపోవాలనుకుని ఆరలేకపోయాను.

అక్కాతమ్ముళ్లు సంబరపడ్డారు. "ఇప్పుడు పేనం లేసొచ్చిందిరా," అంది వరాలమ్మ. సింహాద్రి కుర్చీలో కాళ్లు చాపుకున్నాడు. నాకు నోరు లేదు. చేతనైంది ఒక్కటే, చెడ్డగా మండటం. నా నీలిమంటలు పసుప్పచ్చగా మారి సాగాయి. అద్దానికి మసి పట్టింది. ఇంకా, ఇంకా పట్టింది.

కాసేపటికి వరాలమ్మ తల నొప్పంది, కడుపులో తిప్పుతోందంది. తర్వాత మాటలేదు. సింహాద్రి కునికిపాట్లు పడుతున్నాడు. వంటింట్లోంచి అల్లం టీ పట్టుకొచ్చిన నీలవేణి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చూసింది వాళ్లని కాదు, నన్ను.

"పొద్దున్నే కదా ఈ అద్దం తుడిసాను!"

గ్లాసులు కింద పడ్డాయి. తలుపులు బార్లా తెరిచింది, కిటికీల్లోని చీరలు లాగి పారేసింది, బయటికి పరుగెత్తి సిలిండరు ఆపేసింది. ఆ బక్కమనిషి వరాలమ్మను నవారు మంచంతో సహా వసారాలోకి ఈడ్చింది. లేవబోయిన సింహాద్రి గడప మీదే కూలబడ్డాడు. ఆమె కేకలకు ఇరుగుపొరుగు వచ్చి ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకెళ్లారు. రంగూ వాసనా లేని విషవాయువని, నిద్రలాగే వచ్చి కమ్ముకుంటుందని అక్కడి డాక్టరు చెప్పాడట.

మూడోరోజు సింహాద్రిని ఆస్పత్రి నుంచి పంపేశారు. ఆ రోజే పాడేరు నుంచి మెకానిక్ కిల్లో బలరాం వచ్చాడు. పొగగొట్టంలోంచి బుట్టెడు ఎండుగడ్డి తీశాడు. నా నాబ్‌కున్న తీగను వేలితో మీటి చూశాడు.

"ఇది కట్టిందెవరండి?"

జవాబు నీలవేణే చెప్పింది: "ఎర్రజెండా సూపించి బండ్లాపిన గార్డుగారే. ఇంట్లో ఇది ఎర్రజెండా సూపిస్తే దీని చెయ్యి ఇరిచి కట్టారు."

"పాత సామాన్లోడికి ఇచ్చేద్దాం దీన్ని," అన్నాడు సింహాద్రి నన్ను చూడకుండా.

నాకు ఒళ్లు మండింది. హెచ్చరించింది నేను, పారేసేది నన్నా?

"దీని తప్పేటుందండి?" అన్నాడు బలరాం తీగను పటకారుతో తుంచేస్తూ. "ఏటా చలి రాకముందే గొట్టం దులిపించండి. గ్యాస్ ట్యూబుకి సబ్బునీళ్లు రాసి బుడగలొస్తన్నాయేమో సూడండి. కిటికీ బెత్తెడు తెరిచుంచండి. ఆరిపోయిందనుకోండి, దాన్ని తిట్టకండి. తలుపులు తీసి, నాకు ఫోన్ చెయ్యండి."

వారం తర్వాత ఆస్పత్రి నుంచి వచ్చిన వరాలమ్మ తన మంచాన్ని నా ముందుకే జరపమంది. "ముట్టించరా," అంది.

"అప్పా, నాకు బయ్యంగుంది."

"బయ్యముండాల్రా. ఆ తీగ కట్టినప్పుడే లేపోయింది."

సింహాద్రి కిటికీ తెరిచాడు, బెత్తెడు కాదు, జానెడు. మంచు లోపలికి వచ్చింది. నన్ను వెలిగించి, వెనక్కి జరిగి, నేల మీద కూర్చుని నా మంట రంగు చూస్తూ ఉండిపోయాడు.

నీలంగా మండాను. మంచిగాలి ఇస్తే మండుతాను. ఇవ్వకపోతే, ఎంత చలైనా, ఎవరెంత తిట్టినా, మండను.