టీ చల్లారేంత సేపు

ఎంటర్ నొక్కి, ఫ్లాస్కు మూత తిప్పి, గాజుగ్లాసులోకి టీ వంచుకున్నాడు. పదమూడేళ్లుగా అదే వరస. ఆసుపత్రుల్లో పసిపిల్లల నరంలోకి చుక్కచుక్కగా మందెక్కించే యంత్రానికి ఆయన ఆఫీసు ప్రోగ్రాం రాస్తుంది. అది సరిగ్గా లెక్క కడుతోందో లేదో చూసే టెస్టులు రాయడం ఆయన పని. అందరూ పెద్దాయన అంటారు. పొట్టి మనిషి, చొక్కా జేబులో రెండు కళ్లద్దాలు, ఒకటి తెరకి, ఒకటి మనుషులకి. టెస్టులన్నీ నడవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. ఆలోపు ఒక గ్లాసు తాగి రెండోది పోసుకునేవాడు.

ఇప్పుడు మొదటి గ్లాసు ఊదుకుంటుండగానే, అన్నీ పాసయినట్టు తెర మీద పచ్చగీత వచ్చేసింది.

మూడు నెలలుగా ఇంతే. అసలు ప్రోగ్రామూ, ఆయన టెస్టులూ పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉన్నాయి. టీమ్ లీడరమ్మాయి, ఆమె జట్టు మాత్రం కొత్త టెస్టుల్ని కొత్త భాషలో రాయడం మొదలుపెట్టారు. రెండు భాషలూ ఒక గూట్లో సర్దుకుపోతాయన్నారు. టెస్టులు చకచకా అయిపోతుంటే కొత్త కంప్యూటర్ల చలవే అన్నారు. ఆయనా అలాగే అనుకోవాలని చూశాడు గానీ మనసొప్పలేదు.

ఈ రోజు ఆయనకు ఆఖరి రోజు. ఐదింటికి కొత్త ప్రోగ్రాం ఆసుపత్రులకి వెళ్తుంది, ఐదున్నరకి ఆయన కోసం కేకు. ఇవాళైనా కాలుగాలిన పిల్లిలా తిరక్కుండా కుదురుగా కూర్చోమని పొద్దున భార్య గుమ్మంలో చెప్పి పంపింది. ఆయన నీళ్లకని రెండుసార్లు, ఊరికే నాలుగుసార్లు లేచాడు.

చివరికి తన టెస్టు ఒకటి తెరిచి, మూడు కిలోల బిడ్డకు గంటకు మూడు లీటర్ల మందు వెళ్లాలని కావాలనే తప్పు రాశాడు. ఏ టెస్టయినా లబోదిబోమనాలి. ఎంటర్ నొక్కాడు. మళ్లీ పచ్చగీతే.

ఏ ఫైళ్లు నడపాలో చెప్పే సెట్టింగు తెరిచాడు. అందులో కొత్త భాష ఫైళ్లే ఉన్నాయి. ఆ లైను రాసింది తనే. కొత్త ఫైళ్ల పేరు పెట్టమని లీడరు అటుగా వెళ్తూ చెప్పినప్పుడు, పాతవాటి పక్కన చేర్చాలా, వాటి బదులు పెట్టాలా అని అడగబోయి మానేశాడు. ఇన్నేళ్లు పనిచేసి అదీ తెలియదా అనుకుంటుందని సిగ్గు. బదులు పెట్టేశాడు. తన నాలుగు వందల టెస్టుల్లో ఆనాటి నుంచి ఒక్కటీ నడవలేదు.

గడియారం నాలుగు చూపిస్తోంది. నోరు మూసుకుంటే కేకు తిని ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తప్పు రాతను చెరిపేసి లీడరు దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, మూడు నెలల్నుంచి నా టెస్టులు నడవట్లేదు. సెట్టింగులో ఆ లైను తప్పు పెట్టింది నేనే."

"అన్నీ పాసవుతున్నాయిగా సార్?"

"నడవనివి ఫెయిలెలా అవుతాయి? ఇవాళ పంపకు."

"ఈ పూట మీరు ప్రశాంతంగా ఉండండి సార్. రేపు నేను చూసుకుంటాగా."

"రేపటికి ఆ సూది ఏ బిడ్డ చేతికో గుచ్చి ఉంటుందమ్మా."

ఆమె లేచి ఆయన బల్ల దగ్గరికి నడిచింది. కుర్చీ లాక్కొచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన పాత ఫైళ్ల పేరు కూడా చేర్చి ఎంటర్ నొక్కాడు. అలవాటు కొద్దీ టీ వంచుకున్నాడు గానీ తాగబుద్ధి కాలేదు. నాలుగు నిమిషాలు గడిచాయి. ఏడు గడిచాయి. తొమ్మిదో నిమిషంలో తెర ఎర్రబడింది. కొత్త ప్రోగ్రాం లెక్కలో రెండు కిలోల లోపు బిడ్డలకు మందు పదింతలు వెళ్తోంది.

జట్టంతా ఆ తెర చుట్టూ మూగింది. ప్రోగ్రాం ఇవాళ రావడం లేదని లీడరు ఫోన్లో ఆసుపత్రులకి ఒక్కొక్కదానికే చెబుతోంది. కేకు తెచ్చినతను డబ్బా పట్టుకుని కాసేపు నిలబడి, ఓ మూల పెట్టేశాడు. పెద్దాయన కళ్లద్దాలు రెండూ జేబులో వేసుకుని, వాళ్ల వెనక నుంచి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆరు దాటాక, సార్ ఏరి అంటూ లీడరు వెనక్కి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద గ్లాసు నిండా టీ, చల్లారి మీగడ కట్టి ఉంది.