నా తర్వాత అతని వంతు

నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు మా ఆయన ఎక్‌హార్ట్, పచ్చది వద్దన్నాడు. పొద్దున్నుంచీ నా తలలో అదే తిరుగుతోంది. జర్మనీలో చెట్ల కోసం, నదుల కోసం మా పచ్చ పార్టీ పుట్టినప్పటి నుంచీ అందులో ఉన్న మనిషి, నల్ల పార్టీతో పొత్తు మీద ఓటు వేసే రోజున పెద్ద అధికారిలా నీలం చొక్కా తొడుక్కున్నాడు. పైగా కాలరు మడత సరిగా లేదని విసుక్కున్నాడు. ఇప్పుడు అదే చొక్కాలో ముందు వరసలో కూర్చుని, మెడ వెనక్కి తిప్పి నన్ను చూస్తున్నాడు. నేను తలెత్తలేదు. ఊదారంగు ఉన్నితో మేజోడు అల్లుతున్నాను. మా సభల్లో అల్లుకోవడం మామూలే.

ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. మాట్లాడేవాళ్ళకి మా దగ్గర రెండు జాబితాలు, ఆడవాళ్ళది ఒకటి, మగవాళ్ళది ఒకటి. ఒక ఆడమనిషి మాట్లాడాకే ఒక మగవాడికి వంతు. ఆడవాళ్ళ పేర్లు అయిపోతే, చర్చ ఇంకా సాగాలా వద్దా అని సభలోని ఆడవాళ్ళనే అడుగుతారు. వద్దంటే మిగిలిన మగవాళ్ళు నోరు మూసుకోవలసిందే, నేరుగా ఓటింగు. ఆ నియమం పెట్టిన రోజు ఎక్‌హార్ట్ ఇంటికొచ్చి పడి పడి నవ్వాడు. "ఇక మేం నోరు తెరవాలంటే మీ అనుమతి పత్రం కావాలన్నమాట!" తర్వాత నవ్వు మాని ఉపాయం కనిపెట్టాడు. "హైడ్రున్, నాకు ముందు నీ పేరు ఇచ్చెయ్. రెండు ముక్కలు చాలు. సైకిల్ దారి గురించి చెప్పు, ఎవరూ కాదనరు."

అలా ఏళ్ళ తరబడి లేచి, సైకిల్ దారి గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. నా తర్వాత అతను లేచేవాడు, సభంతా సర్దుకుని వినేది. ఒకసారి ఎవరో నన్ను మెచ్చుకోబోతే, "మా ఆవిడ సంగతా? ఆవిడ నా తలుపు. తోసుకుని లోపలికొస్తాను," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంట్లు తోముతున్నప్పుడు ఇప్పటికీ నా చెవిలో పడేది వాళ్ళ నవ్వు కాదు, నాదే.

పార్టీ పొత్తులన్నీ నా వంటింటి బల్ల మీదే కుదిరాయి. మొదట్లో ఎవరితోనూ కలిసేది లేదన్నాం. రైన్ నది ఒడ్డు అడవిలో అణు కర్మాగారం కట్టొద్దని బురదలో పడుకున్నాం. సూప్ కాచింది మేము, పత్రికల్లో పడినవి మగవాళ్ళ గడ్డాలు. తర్వాత ఎర్ర పార్టీవాళ్ళు వచ్చి ఉల్లిపాయ రొట్టె తిని, ప్లేట్లు ఎక్కడివక్కడ వదిలేసి పోయారు. పోయిన వారం సంప్రదాయవాదుల నల్ల పార్టీ నాయకుడు షెట్స్‌లె వచ్చాడు. "మీ ఆవిడ చేతి ప్లమ్ కేకు తింటే ఎవరైనా పొత్తుకి దిగుతారండీ," అన్నాడు, నాతో కాదు, ఎక్‌హార్ట్‌తో. ఎక్‌హార్ట్‌కి ఉపమేయర్ పదవి, బదులుగా వాళ్ళకి ఆ అడవి గుండానే బైపాస్ రోడ్డు. "ఏముంది, నాలుగు చెట్లేగా," అన్నాడు మా ఆయన. కేకు కోస్తున్న నేను ఏదో అనబోయాను.

"హైడ్రున్, కాఫీ," అన్నాడు.

ఇందాక, అప్పట్లో మాతో బురదలో పడుకున్న ఇర్మ్‌గార్ట్ మాట్లాడి దిగింది. "నా బూటు ఒకటి ఆ బురదలోనే ఉండిపోయింది. దాని మీద తారు పోస్తారా?" అని అడిగేసరికి సభ మెప్పుగా బల్లలు చరిచింది. ఆమె వెనక వంతొచ్చిన మగవాడు రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు, మగవాళ్ళ జాబితాలో తర్వాతి పేరు ఎక్‌హార్ట్‌ది. పొత్తు ఓడిపోయేలా ఉంది. ఎక్‌హార్ట్ లేచి మాట్లాడితే మాత్రం ఓడిపోదు. ఎలాంటి సభనైనా తిప్పేయగలడు.

అధ్యక్షత వహిస్తున్న రోస్విథా కాగితం చూసింది. "ఆడవాళ్ళ జాబితా ఖాళీ. ఇంకెవరైనా ఉన్నారా?"

ఎక్‌హార్ట్ కుర్చీలోంచి సగం లేచాడు. "హైడ్రున్! సైకిల్ దారి!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"సైకిల్ దారి వేసేశారుగా, ఎక్‌హార్ట్," అన్నాను.

"వేళాకోళం చాలు. పేరు ఇవ్వు."

"ఎక్‌హార్ట్, కూర్చో," అంది రోస్విథా. "ఆడవాళ్ళని అడుగుతున్నాను. చర్చ సాగాలనేవాళ్ళు?" చేతులు లేచాయి. "చాలనేవాళ్ళు?" అన్నే లేచాయి. ఆమె రెండుసార్లు లెక్క చూసి నా వైపు తిరిగింది. "హైడ్రున్, నువ్వు ఎటూ ఎత్తలేదు."

అడవి కోసమని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. రేపు ఇర్మ్‌గార్ట్ వచ్చి నన్ను వాటేసుకుని ఆ మాటే అంటుంది, నేనూ కాదనను. కానీ లోపలికి తొంగి చూసుకుంటే అక్కడ ఒక్క చెట్టూ లేదు. ప్లేట్లున్నాయి, కాఫీ ఉంది, ఆ నవ్వుంది. రోడ్డు మంచిదే అయినా ఇదే చేసేదాన్నని నాకు తెలుసు. తెలిసినందుకు సిగ్గేస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. వెయ్యలేదు. వేసవిలో చన్నీళ్ళు తాగినంత హాయిగా ఉంది.

ఎక్‌హార్ట్ నా వైపే చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం పోయి, ఎన్నడూ చూడనిదొకటి మెల్లగా వస్తోంది, బతిమాలడం. చొక్కా కాలరు మీద ఆ మడత అలాగే ఉంది.

అల్లిక సూదుల్ని ఉన్ని ఉండలో గుచ్చి పక్కన పెట్టాను. 'చాలు' అనే వైపు చెయ్యెత్తాను.