క్యారేజీలోని మౌస్

పెయింటరు పొద్దున్నే షాపుకొచ్చి, భోజనం క్యారేజీ విప్పి, పై గిన్నెలోంచి గుడ్డలో చుట్టిన మౌస్ బయటికి తీశాడు. కింది గిన్నెలో అన్నం, దాని మీదే కూర. పై గిన్నె మౌస్‌ది.

ఇరవై ఎనిమిదేళ్లు గోడల మీద, షట్టర్ల మీద అక్షరాలు రాసిన మనిషి. కుంచెను ఏనాడూ పని చేసిన చోట వదిలి రాలేదు. పరాయి చెయ్యి పడితే కుంచె పాడైనట్టేనని అతని నమ్మకం. ఇప్పుడు కుంచెలను అడిగే నాథుడు లేడు. తమ్ముడి భార్య నడిపే ఈ రబ్బరు స్టాంపుల షాపులో, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అక్షరాలు పేర్చడమే పని. సొంతంగా కొనుక్కున్న ఆ మౌసే అతని కుంచె.

మౌస్ తగిలించి కదిపాడు. తెర మీద బాణం గుర్తు తోక తొక్కిన పిల్లిలా ఈ మూల నుంచి ఆ మూలకు దూకింది.

"మళ్లీ మొదలు," అని పళ్లు నూరాడు.

సెట్టింగ్స్ తెరిచి వేగం బాగా తగ్గించాడు. రోజూ ఇదే తంతు. సాయంత్రం దాకా బుద్ధిగా ఉన్నది తెల్లారేసరికి మొదటికొస్తుంది. అంత నెమ్మది ఎందుకో అతనొక్కడికే తెలుసు. ఆరు నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు పట్టుకుంటే ఎవరికీ కనబడదు. గుండ్రటి స్టాంపులో చిన్నక్షరం పెట్టబోతే మాత్రం దాగదు. ఈ నెలలో రెండు స్టాంపులు వంకరపోయి వెనక్కొచ్చాయి. "ఇంకొకటి పోతే వేరే మనిషిని చూసుకుంటాను బావగారూ," అని మరదలు మొహం మీదే చెప్పింది. చెయ్యి సంగతి తెలిస్తే అప్పటిదాకా కూడా ఆగదు.

సాయంత్రాలు బిల్లులు కొట్టడానికి అదే ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది ఆవిడే.

"అమ్మాయ్, నా సెట్టింగులు ఎందుకు కెలుకుతున్నావ్?"

పిడులకు రబ్బరు అంటిస్తున్న మరదలు తలెత్తలేదు. "మీ సెట్టింగులతో నాకేం పని? బిల్లులకే తీరిక లేక చస్తుంటే."

"మరి దయ్యాలొచ్చి మారుస్తున్నాయా?"

"వస్తే ముందు నా బిల్లులు కొట్టి పెట్టమనండి."

మధ్యాహ్నం ప్రింటరు బాగుచెయ్యడానికి మెకానిక్ వచ్చాడు. మరదలే అతన్ని పట్టుకుంది. "ఈయనగారి మౌస్ కూడా చూడు బాబూ, నా మీద నింద పోతుంది."

మెకానిక్ మౌస్ కదిపి చూసి, "నత్తలా ఇంత నెమ్మది పెట్టారేంటండీ?" అన్నాడు.

"కళ్లు ఆనటం లేదు," అన్నాడు పెయింటరు. అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది.

మెకానిక్ ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ వేశాడు. సెట్టింగ్ చెక్కుచెదరలేదు. మరోసారి చేశాడు. అంతే. తల గోక్కున్నాడు.

"బాగానే ఉందే! సాయంత్రం వెళ్లేటప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, ఇంటికి పట్టుకెళ్తాను."

"ల్యాప్‌టాపా?"

"మౌస్."

"క్యారేజీలో," అంది మరదలు.

మెకానిక్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మరీ నవ్వాడు. తర్వాత వైరు పీకి మళ్లీ పెట్టాడు. బాణం గుర్తు దూకింది.

"ఈ మౌస్‌తో పాటు వచ్చిన ప్రోగ్రామ్ ఒకటి ఇందులో ఉందండీ. పీకి పెట్టిన ప్రతిసారీ ఇది కొత్త మౌసనుకుని తన వేగం ఎక్కించేస్తోంది. దాన్ని తీసేస్తే మౌస్ పక్కన మీరు వాడే ఈ మీటలు పనిచెయ్యవు. పీకకుండా ఇక్కడే వదిలెయ్యండి, సరిపోతుంది."

ఇన్నాళ్లూ మరదల్ని ఆడిపోసుకున్నాడు. మార్చింది తన చెయ్యే. ఆ సిగ్గు ఒక ఎత్తు, భయం ఒక ఎత్తు. ఇక్కడ వదిలేస్తే సాయంత్రం ఆవిడ చేతిలో పడుతుంది. ఇంత నెమ్మది ఎందుకని ఆలోచిస్తుంది.

సాయంత్రం అతని చెయ్యి అలవాటుగా వైరు మీదికి పోయింది.

"ఉంచండి, నేనేం తిననులెండి," అంది మరదలు.

ఉంచక తప్పలేదు.

మర్నాడు బాణం గుర్తు చెప్పిన మాట విన్నది. పెట్టిన వేగం పెట్టినట్టే ఉంది. మరదలు వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"నిన్న నాలుగు బిల్లులకు మౌస్‌ను బల్లంతా ఈడ్చాను బావగారూ. కళ్లు ఆనకపోతే అక్షరం పెద్దది చేసుకుంటారు, మౌస్ నెమ్మది చెయ్యరు. చెయ్యేనా?"

పెయింటరు చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆరు నెలలైంది. పిలుచుకో నీ కొత్త మనిషిని."

ఆవిడ పిలవలేదు. ముందుకు వంగి, తెర మీద ఒక అక్షరాన్ని పట్టి, కీబోర్డు మీది బాణం మీట నొక్కింది. అక్షరం వెంట్రుకవాసి జరిగింది. ఇంకోసారి నొక్కింది. ఇంకో వెంట్రుకవాసి.

"నేనైతే ఇలాగే జరుపుతా. చెయ్యి వణికినా నొక్కింది నొక్కినట్టే ఉంటుంది."

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

"నన్ను దొంగలా చూడ్డం మాని అడిగుంటే ఏడ్చేదాన్ని."

గుండ్రటి స్టాంపు ఒకటి ముందేసుకున్నాడు. ఒక్కో అక్షరాన్నీ మీటలతో జరుపుతూ గంట కూర్చున్నాడు. మరదలు కాగితం మీద అచ్చు తీసి, భూతద్దం పెట్టి చూసింది.

"బాగుంది. ఇకనుంచి నాకు చూపించాకే బయటికి పోవాలి."

"నా అక్షరం నువ్వు దిద్దుతావా?"

"దిద్దుతా. ఇష్టముంటే కూర్చోండి, లేదంటే క్యారేజీ అదిగో."

రెండు ఊళ్ల షట్టర్లు రాసిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా లేవలేదు. తర్వాతి ఆర్డరు కాగితం ముందుకు లాక్కున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాడు. నిన్న మౌస్ ఇంటికి రాలేదని పెళ్లాం కనిపెట్టినట్టుంది. పై గిన్నె నిండా కూర పెట్టింది.