తలుపుకు ఇటుపక్క

ఉతికిన పిల్ల గౌన్లు ఆమె మడతపెడుతుంటే, భర్త వచ్చి ఆమె ఒళ్లో ఒక కాగితం పడేశాడు. "పరిశోధనకి ఒప్పుకుంటున్నట్టు కింద సంతకం గిలికెయ్. కాలేజీ కమిటీ వాళ్లు పట్టుబట్టారు."

ఆయన మనస్తత్వశాస్త్రం లెక్చరరు. రెండేళ్ల కూతురి ఎదుగుదల మీద పరిశోధన చేస్తున్నాడు. చేస్తున్నాడన్నది మాటవరసకే. పిల్ల ఏ పూట ఏ మాట పలికింది, ఎవరిని చూసి జంకింది, అన్నీ చేతికంటిన పిండి కడుక్కుని మరీ నోట్‌బుక్కులో ఎక్కించేది ఆమె. మొదటి పరిశోధన పత్రం అచ్చయ్యాక చూస్తే "పరిశీలకుడు: తండ్రి" అని ఉంది. అదేమిటని అడిగితే అత్తగారు, "నీకెందుకమ్మా పేరు? పిల్లకి తల్లివి, చాలదూ?" అంది.

పేరు పోతే పోయింది. ఆమెకి భయం ఆదివారాలంటే. ఆ రోజు పరీక్ష కోసం తల్లి గదిలోంచి లేచి వెళ్లిపోవాలి. లోపల ఆయన శిష్యురాలు, పిల్ల ఎరగని మనిషి, కూర్చుంటుంది. పిల్ల ఎంతసేపు ఏడుస్తుందో ఆయన గడియారం పట్టుకుని చూస్తాడు. మూడు నిమిషాలని ఒప్పందం. పోయిన వారం ఇంకో రెండు పొడిగించాడు. తలుపుకు ఇటుపక్క ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మర్నాడు నోట్‌బుక్కు తెరిస్తే ఆయన చేతిరాత: "తల్లి ప్రశాంతంగా ఉంది."

ఇప్పుడు కాగితం చదవసాగింది.

"చదవక్కర్లేదే. ఊరికే పద్ధతి కోసం."

"పాల్గొనేవారు, పిల్లలైతే వారి తరఫున తల్లి, కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకోవచ్చు" అని ఉంది. రెండుసార్లు చదివింది. పుట్టింటికి వెళ్లాలన్నా, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలన్నా ఈ ఇంట్లో కారణం చెప్పుకోని రోజు ఆమెకి గుర్తులేదు.

"ఇది నిజమేనా?"

"ఏది?"

"కారణం చెప్పక్కర్లేదని."

"రాయాలి కాబట్టి రాస్తాం. ఆ ముక్క నేను రాసిందే."

"బాగా రాశారు. మేం తప్పుకుంటున్నాం. నేనూ, పిల్లా."

ఆయన కళ్లజోడు తీశాడు. "ఎందుకు?"

తలనొప్పి, పిల్లకి జలుబు, అలవాటైన జవాబులన్నీ నాలుక చివరకి వచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టే వెనక్కి పంపేసింది.

"అది అడక్కూడదని మీరే రాశారు కదండీ" అంది.

అనేశాక ఒళ్లంతా తేలికైపోయింది. నవ్వు కూడా వచ్చింది. ఆయన మాత్రం కాగితం అందుకుని, తను రాసిన వాక్యాన్ని మొదటిసారి చదువుకోసాగాడు.